శివరాత్రి దాకా ఆగమన్నాడు కడియం నర్సరీ ఆయన

మా ఆయనకి బదిలీ అయి సాలూరు ఘాట్ ఎక్కి ఒడిశాలోని సెమిలిగుడ వచ్చేటప్పుడు సామాను లారీలో నా యుక్కా మొక్క కూడా వచ్చింది. కడియంలో కొన్నప్పుడు మోకాలెత్తు ఉండేది. విజయనగరంలో నాలుగేళ్లు పెరిగి నా భుజం అందుకుంది. మెక్సికో, మధ్య అమెరికా దాని పుట్టిల్లు. ఎండకీ నీటి ఎద్దడికీ ఓర్చుకునే మొక్క, మన కిత్తనారకి చుట్టం. అందుకే దానికేమవుతుందన్న బెంగే నాకు లేదు.

కానీ సెమిలిగుడ ఉన్న ఈ కొరాపుట్ పీఠభూమి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. పుష్యమాసంలో ఒకరోజు తెల్లారి తలుపు తీస్తే గడ్డి మీద బియ్యప్పిండి చల్లినట్టుంది. గడ్డకట్టిన మంచు, ముట్టుకుంటే వేలికింద గరగరలాడింది. రాత్రంతా మెట్టు మీదే ఉన్న యుక్కా ఆకులు, ఎండ తగిలేసరికి ఉడికిన తోటకూరలా వేలాడిపోయాయి. ఒక ఆకుని వెలుతురుకి పట్టి చూస్తే నూనె కాగితంలోంచి కనబడ్డట్టు అవతల నా వేళ్లు కనబడ్డాయి. లోపలి నీరు గడ్డకట్టి కణాలు పగిలిపోతే ఆకు అలాగే అవుతుందట.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. పాపం వాడిపోయిందని రోజూ చెంబుడు నీళ్లు పోశాను. రెండు వారాలకి కింది ఆకులు పసుపెక్కాయి, కుండీలోంచి కుళ్లు వాసన మొదలైంది. పక్కింటి మౌసీ చూసి "మొరిగొలా" అనేసింది. ఒడియాలో, చచ్చిపోయిందని. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

కడియం నర్సరీ ఆయనకి ఫోన్ చేశాను. "కాండం నొక్కి చూడండమ్మా, ఎక్కడిదాకా మెత్తగా ఉంది?" అన్నాడు. పైన జానెడు మేర మగ్గిన సపోటాలా ఉంది, కింద గట్టిగానే ఉంది. "అయితే బతికే ఉంది. చలికి అది నిద్రలో ఉంటుంది, వేళ్లు నీళ్లు తాగవు. తడి మట్టిలో కుళ్లిపోతాయి. ముందు కుండీలోంచి తీసేయండి. కాండం మాత్రం శివరాత్రి దాటాక కోయండి. మెత్తదనం ఆగినచోట దారం కట్టండి. దారం దాటి కిందికి దిగితే మాత్రం ఆగొద్దు, ఆరోజే కోసేయండి."

తీసి చూస్తే సగం వేళ్లు నల్లబడి, పట్టుకుంటే తొక్క ఊడి చేతికొచ్చాయి. వాటిని కత్తిరించి, మూడు రోజులు నీడలో ఆరబెట్టాను. ఎర్రమట్టిలో సగానికి సగం ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలిపి కొత్త కుండీలో నాటి, ఇంట్లో పెట్టాను. ఒక్క చుక్క నీళ్లు పోయలేదు. రోజూ లేవగానే దారం దగ్గర బొటనవేలితో నొక్కి చూసేదాన్ని. ఆ నెల పడ్డ టెన్షన్ చెప్పలేను. దారం దాటలేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అలాగే తగ్గింది. మర్నాడు రంపం బ్లేడుని స్పిరిట్‌తో తుడిచి దారం కింద కోశాను. కోసినచోట మధ్యలో గోధుమరంగు మచ్చ కనబడింది. గుండె జారింది. ఇంకో రెండు వేళ్ల కిందకి కోస్తే ముల్లంగి ముక్కలా తెల్లగా, గట్టిగా వచ్చింది. బూజు పట్టకుండా ఫంగిసైడ్ పొడి అద్ది వదిలేశాను. ఆకు ఒక్కటీ లేని మూరెడున్నర మోడు మిగిలింది.

ఉగాది వెళ్లిన పదిహేను రోజులకి కోతకి కాస్త కింద బెరడు ఉబ్బింది. కందిగింజంత. రెండు రోజులకి అది చీలి పచ్చటి మొన కనబడింది. తర్వాత ఇంకో రెండు. అప్పుడు పోశాను అరచెంబు నీళ్లు. ఎరువు ఇంకో నెల దాకా వెయ్యలేదు. ఎండలోకి కూడా ఒక్కసారిగా తేలేదు. మొదట రోజూ పొద్దుటి ఎండలో గంట, వారం తర్వాత రెండు గంటలు, అలా అలవాటు చేశాను.

పెద్ద పిలక ఇప్పుడు జానెడుంది. హాల్లో దక్షిణం కిటికీ దగ్గర చోటు ఖాళీ చేసి ఉంచాను, కార్తీకం వెళ్లకముందే లోపలికి తెచ్చేస్తాను.