టూరింగ్ బండిని మనకు తగ్గట్టు మార్చుకోవాలంటే ముందు లిఫ్టు కొనండి

టూరింగ్ బండి, అంటే దూర ప్రయాణాల కోసం చేసిన పెద్ద మోటార్‌సైకిల్, కొత్తగా తీసుకున్నవాళ్లు చాలామంది మొదట డబ్బు పెట్టేది క్రోమ్ ముక్కల మీద, అదనపు లైట్ల మీద, సైలెన్సర్ మీద. నన్ను అడిగితే మాత్రం ఆ డబ్బు అలాగే దాచి ముందు లిఫ్టు కొనుక్కోమంటాను. లిఫ్టు అంటే బండిని నేల మీద నుంచి నడుం ఎత్తుకి లేపే బల్ల. బండికి తగిలించే వస్తువు కాదు కాబట్టి దాన్నెవరూ కస్టమైజేషన్ ఖర్చులో రాసుకోరు, కానీ మిగతా మార్పులన్నీ కుదరాలంటే అదే ఆధారం. ఎందుకంటే ఈ బళ్లలో ఏ మార్పూ ఒక్కసారికి కుదరదు. హ్యాండిల్ ఒక అంగుళం వెనక్కి తెస్తాం, రోజంతా నడుపుతాం, భుజాలు హాయిగా ఉంటాయి కానీ మణికట్లు లాగడం మొదలవుతుంది, మళ్లీ విప్పి కోణం మార్చాలి. మార్చిన ప్రతిసారీ బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, మన వంతు వచ్చేదాకా కూర్చుని, మన ఒంటికి ఏం కావాలో ఇంకో మనిషికి అర్థమయ్యేలా చెప్పాలంటే రెండోసారికే విసుగొచ్చి "పర్లేదులే, సర్దుకుందాం" అనేస్తాం. ఆ సర్దుకున్నదే ఐదో గంట ప్రయాణంలో నడుం నొప్పిగా బయటపడుతుంది.

అసలు ఈ తరహా బండి ఎదిగిందే సొంతదార్లు చేసుకున్న మార్పుల్లోంచి. హోండా గోల్డ్‌వింగ్ 1975 మోడల్‌గా రోడ్డెక్కినప్పుడు దానికి ఫెయిరింగూ (గాలిని అడ్డుకునే ముందు తొడుగు) లేదు, పెట్టెలూ లేవు, 999 సీసీ ఇంజనుతో ఉత్త బండి. కొన్నవాళ్లు దానికి అమెరికన్ డిజైనర్ క్రెయిగ్ వెటర్ రూపొందించిన విండ్‌జామర్ ఫెయిరింగు, పక్క పెట్టెలు, వెనక ట్రంకు తగిలించుకుని దూరాలు తిరిగారు. 1980లో వచ్చిన గోల్డ్‌వింగ్ జీఎల్1100 ఇంటర్‌స్టేట్‌కి అవన్నీ ఫ్యాక్టరీలోనే బిగించి ఇచ్చారు. అటు బీఎండబ్ల్యూ 1976లోనే ఆర్100ఆర్‌ఎస్‌ని పూర్తి ఫెయిరింగుతో తెచ్చింది. కాబట్టి కంపెనీ ఇచ్చినదాన్ని ముట్టుకోకూడదనే వాదన నాకు ఎప్పుడూ ఎక్కదు. కంపెనీ సగటు మనిషి కొలతకి కుట్టి ఇస్తుంది, దాన్ని మన కొలతకి తెచ్చుకోవడం మన పని.

నా బండి గోల్డ్‌వింగ్‌లోనే జీఎల్1500, ఆరు సిలిండర్లు, 1520 సీసీ. పెట్రోలు నింపితే దాదాపు నాలుగు వందల కిలోలు తూగుతుంది. ఈ బరువు దగ్గరే లిఫ్టు ఎంపిక మొదలవుతుంది. మార్కెట్లో ఎక్కువగా కనిపించేవి 450 కిలోలవి, 680 కిలోలవి. 450ది సరిపోతుందని లెక్క చెప్తుంది, కానీ బల్ల మీద బండితోపాటు పనిముట్లు ఉంటాయి, బోల్టు బిగించేటప్పుడు మన తోపు కూడా పడుతుంది, అందుకే పెద్ద టూరింగ్ బండికి 680దే తీసుకోమంటాను. చవగ్గా దొరికే చిన్న జాకీ రకం కూడా ఉంది, రెండు చేతులు ఫ్రేము కిందికి దూరి బండిని లేపుతాయి. అది తీసుకునేముందు మన బండి కింద వంగి చూడాలి. ఫ్రేము కంటే సైలెన్సర్ గొట్టాలో ఆయిల్ పానో కిందికి ఉంటే జాకీ చేతులు ముందు వాటికే తగులుతాయి, అలాంటి బండికి ఫ్రేముకి అందేలా అడాప్టర్ వేసుకోవాల్సిందే.

ఇంట్లో పెట్టుకునేముందు టేపు పట్టుకుని పైకి కూడా కొలవండి, ఈ పని చాలామంది చెయ్యరు. బల్ల 75, 80 సెంటీమీటర్ల దాకా లేస్తుంది, విండ్‌స్క్రీన్‌తో బండి ఎత్తు మీటరున్నర దగ్గర ఉంటుంది, రెండూ కలిపితే 2.3 మీటర్లు. పైన లైటో ఫ్యానో ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. నేల గట్టి కాంక్రీటు అయి ఉండాలి, ముఖ్యంగా వాలు ఉండకూడదు.

బండిని బల్ల మీదికి ఎక్కించడం గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ప్రమాదాలు జరిగేది ఎక్కువగా ఇక్కడే. మొదట వీల్ చాక్, అంటే ముందు చక్రాన్ని పట్టి నిలిపే బిగింపు, సరైన దూరంలో బిగించి ఉందో లేదో చూసుకోవాలి. బల్ల వెడల్పు చాలావాటికి అరవై సెంటీమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది, కూర్చుని నడిపించుకుంటూ ఎక్కితే కాలు దించడానికి చోటుండదు. అందుకే నేను పక్కన నడుస్తూ, ఇంజను సాయంతో మెల్లగా ఎక్కిస్తాను, అవతలి పక్కన ఇంకో మనిషి ఉండాలి, ఒంటరిగా ఉన్నరోజు ఎక్కించను. చక్రం చాక్‌లో కూర్చోగానే రాట్చెట్ స్ట్రాపులు (పిడి ఆడిస్తే బిగుసుకునే పట్టీలు) రెండు వైపులా సమానంగా బిగించాలి. హ్యాండిల్‌కి కట్టకండి, ఫెయిరింగు ప్లాస్టిక్ మీద నుంచి లాగకండి, ఫోర్క్ కింది క్లాంపుకి గానీ క్రాష్ గార్డు గట్టిగా ఉంటే దానికి గానీ కట్టాలి. ముందు సస్పెన్షన్ కొద్దిగా అణిగితే చాలు.

డబుల్ స్టాండ్ ఉన్న బళ్లకి ఇంకో సంగతుంది. స్టాండ్ వేసేటప్పుడు బండి పైకి లేస్తూ కాస్త వెనక్కి జరుగుతుంది, నేల మీద అయితే గమనించం కూడా. బల్ల మీద అలా జరిగితే ముందు చక్రం చాక్‌లోంచి బయటికొచ్చేస్తుంది. స్ట్రాపులు బిగించి ఉండగా స్టాండ్ వెయ్యబోతే అసలు పైకే రాదు. అందుకే చాక్‌తో పనా, డబుల్ స్టాండ్‌తో పనా అన్నది ఎక్కించేముందే తేల్చుకోవాలి, స్టాండ్ అనుకుంటే, అది వేశాక చాక్‌ని ఆ మేరకు వెనక్కి జరిపి బిగించుకోవాలి.

కత్తెర ఆకారంలో లేచే బల్ల అడుగున ఉన్నప్పుడు బరువుగా ఉంటుంది. కత్తెర చేతులు దాదాపు నేలబారుగా ఉంటాయి కాబట్టి బల్లని లేపే హైడ్రాలిక్ సిలిండర్ మీద అప్పుడే ఎక్కువ ఒత్తిడి, పైకి వచ్చేకొద్దీ పంపు కొట్టడం తేలికవుతుంది. కావలసిన ఎత్తుకి రాగానే లాక్ కడ్డీ పెట్టి, వాల్వు కొంచెం వదిలి, బరువు మొత్తం ఆ కడ్డీ మీదికి దించాలి. హైడ్రాలిక్ ఆయిల్ మీద బండిని నిలబెట్టి కింద చెయ్యి పెట్టడం అనేది ఎప్పుడూ వద్దు, సీలు కొంచెం కారినా బల్ల దిగిపోతుంది. ఇంకోటి, చక్రం ఊడదీస్తే బండి తూకం మారిపోతుంది. వెనక చక్రం తీసేస్తే ముందుకి, ముందు చక్రం తీసేస్తే వెనక్కి వాలే గుణం వస్తుంది, కాబట్టి యాక్సిల్ నట్టు ముట్టుకోకముందే పెట్టెల్లో సామాను తీసేసి, ఇంజను కిందో ఫ్రేము కిందో ఇంకో ఆధారం పెట్టండి.

ఇంత చెప్పాక లిఫ్టు వల్ల ఏం ఒరిగిందంటారా? హ్యాండిల్ సంగతే చెప్తాను. గ్రిప్పులు నాకు దూరంగా ఉండేవి, ముందుకి వంగి కూర్చోవాల్సి వచ్చేది. రైజర్లు, అంటే హ్యాండిల్ కింద పెట్టే దిమ్మలు, పెట్టి వాటిని పైకీ వెనక్కీ తెచ్చాను. పైకి చూస్తే నాలుగు బోల్టుల పని. కానీ హ్యాండిల్ జరిగితే దాంతోపాటు బ్రేకు గొట్టం, క్లచ్ గొట్టం, థ్రాటిల్ కేబుళ్లు, స్విచ్చుల వైర్లు అన్నీ జరగాలి. ముందు చక్రం గాల్లో ఉండేలా లేపి, హ్యాండిల్‌ని ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా మెల్లగా తిప్పుతూ స్టీరింగ్ మెడ దగ్గర కళ్లు పెట్టి చూశాను. బల్ల మీద ఆ చోటు సరిగ్గా మొహం ఎదురుగా ఉంటుంది. ఎడమ చివర క్లచ్ గొట్టం వదులుగానే ఉంది. కుడి చివరికి వచ్చేసరికి వైర్ల కట్ట ఒకటి ఫ్రేము అంచుకి ఆని బిగుసుకుంది, చివరి రెండు వేళ్ల దూరంలో మాత్రమే. నేల మీద మోకాళ్ల మీద కూర్చుని చూస్తే అది కనిపించే అవకాశమే లేదు, కానీ అలాగే వదిలేస్తే ప్రతి యూ టర్న్‌కీ కొంచెం కొంచెం ఒరుసుకుపోయేది. క్లిప్పు విప్పి దారి మార్చి, మళ్లీ తిప్పి చూశాను. తర్వాత తలుపులన్నీ బార్లా తెరిచి ఇంజను స్టార్ట్ చేసి, ఐడిల్‌లో ఉంచి, బండి న్యూట్రల్‌లో ఉండగా మళ్లీ రెండు చివర్లకీ తిప్పాలి. తిప్పేటప్పుడు ఇంజను శబ్దం పెరిగితే కేబుల్ లాగుతోందని అర్థం, మలుపులో తనంతట తానే థ్రాటిల్ పెరిగే బండిని ఎవరూ నడపకూడదు. పనిలో పనిగా స్టీరింగ్ బేరింగు కూడా తెలిసిపోతుంది. మధ్యలో చిన్న గంటులో పడ్డట్టు ఆగితే బేరింగు అరిగిందన్నమాట.

విండ్‌స్క్రీన్ గురించి జనానికి ఉన్న అపోహ ఏంటంటే, ఎంత ఎత్తుంటే అంత మంచిదని. దాని అంచు ముక్కుకి కాస్త అటూ ఇటూ ఉండి, చూపు దాని మీదుగా రోడ్డు మీదికి పోవాలి. వానలో, రాత్రిపూట అద్దంలోంచి చూడాల్సి వస్తే చాలా కష్టం. హెల్మెట్ దడదడా ఊగుతుంటే స్క్రీన్ పొట్టిదైందని అనుకుంటాం, చాలాసార్లు కారణం స్క్రీన్ వెనక గాలి పీడనం తగ్గి సుడులు తిరగడం. కింద చిన్న వెంట్ తెరిచి కొంచెం గాలి లోపలికి రానిస్తే ఆ ఊపు తగ్గిపోతుంది. సీటుకైతే మెత్తదనం కంటే వెడల్పు, గట్టిదనం ముఖ్యం. షోరూంలో దూదిలా అనిపించే సీటు గంటన్నరకి అణిగిపోయి అడుగు తగులుతుంది. వెనక కూర్చునే మనిషిని అడగకుండా బ్యాక్‌రెస్ట్ కొనకండి, వాళ్ల వీపు వాళ్లకే తెలుసు.

నాకు అన్నిటికన్నా పట్టింపు ఉన్నది బరువు, సస్పెన్షన్ విషయంలో. ప్రతి బండికీ అది మోయగలిగిన గరిష్ఠ బరువు మాన్యువల్‌లో ఉంటుంది. అది 180 కిలోలు అనుకుంటే, ఇద్దరు మనుషులు హెల్మెట్లు, జాకెట్లు, బూట్లతో కలిపి 160కి వస్తారు, మిగిలింది 20. అందులోనే మనం బిగించిన క్రాష్ గార్డులు, లైట్లు, స్టాండ్లు, ర్యాకులు అన్నీ. అందుకే నేను కొత్తగా ఏది బిగించాలన్నా ముందు తూకం వేస్తాను. వెనక ట్రంకు యాక్సిల్‌కి వెనకాల ఉంటుంది, అందులో వేసిన ప్రతి కిలో ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది, వేగంలో బండి పాములా ఊగడానికి అదొక కారణం. బరువైనవి పక్క పెట్టెల్లో అడుగున పెట్టి, ట్రంకులో వాన కోటు, దుప్పటి లాంటివి పెట్టుకుంటే సరి.

సస్పెన్షన్ కొలత లిఫ్టుంటే ఎంత సులువో! డబుల్ స్టాండ్ మీద వెనక చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు యాక్సిల్ నుంచి పైన ఒక గుర్తు దాకా కొలవాలి. తర్వాత బండిని నేల మీదికి దించి ఇద్దరూ ఎక్కి, సామాను కూడా పెట్టి, అదే కొలత మళ్లీ తీసుకోవాలి. తేడా ఆ చక్రం పైకీ కిందికీ మొత్తం కదలగలిగే దూరంలో మూడో వంతు దగ్గరుండాలి, అంటే 105 మిల్లీమీటర్లు కదిలే చక్రానికి దాదాపు 35. ఎక్కువ అణిగితే వెనక కుంగి ముందు లైటు చెట్ల మీద పడుతుంది, స్టీరింగ్ తేలిపోతుంది. నా బండిలో వెనక షాక్‌కి కంప్రెసర్‌తో గాలి ఎక్కించుకోవచ్చు, లేనివాటికి ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి ఉంచే సర్దుబాటు) తిప్పాలి, అదీ చాలకపోతే స్ప్రింగే మార్చాలి. కొత్త లైట్ల కంటే ముందు స్ప్రింగ్ మార్చినవాళ్లకి నా నమస్కారం.

లైట్లు, హీటెడ్ జాకెట్లు పెట్టేవాళ్లు కరెంటు లెక్క కూడా వేసుకోవాలి. 55 వాట్ల హాలోజన్ బల్బులు రెండు పెడితే 110 వాట్లు, 12 వోల్టుల మీద తొమ్మిది ఆంపియర్లు. వేడి జాకెట్ ఒక్కోటి 75 వాట్లకి పైనే. జీఎల్1500 ఆల్టర్నేటర్ ఇచ్చేది సుమారు 550 వాట్లు, అందులో ఎక్కువ భాగం బండి తన సొంతానికే వాడుకుంటుంది. అందుకే ఎల్‌ఈడీలే పెట్టాను, డ్యాష్ మీద చిన్న వోల్ట్‌మీటర్ కూడా. నడుస్తుండగా 14 చుట్టుపక్కల చూపిస్తే నిశ్చింత, 13 కంటే కిందికి పోయి అక్కడే ఉంటే బ్యాటరీ ఖాళీ అవుతోందని అర్థం. ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గర్లో ఉండాలి, లైట్లకి రిలే (చిన్న స్విచ్చుతో పెద్ద కరెంటుని నడిపే భాగం) తప్పనిసరి.

టైరు మార్చేటప్పుడు ఇంకో చిన్న పని ఉంది, షాఫ్ట్ డ్రైవ్ బళ్లవాళ్లు, అంటే చైను బదులు తిరిగే కడ్డీతో వెనక చక్రం నడిచే బళ్లవాళ్లు, మర్చిపోవద్దు. చక్రం చేతికొచ్చినప్పుడు స్ప్లైన్ల (చక్రం ఆ కడ్డీ వైపు భాగంతో కలిసే గాళ్లు) పళ్లు గుడ్డతో శుభ్రంగా తుడిచి, వేలితో అంచులు తడిమి చూడండి. పళ్లు చదునుగా ఉండాలి, మొన తేలి కత్తిలా తగిలితే అరుగుతున్నట్టే. మాలిబ్డినం ఎక్కువున్న పేస్టు పల్చగా రాయాలి, మామూలు గ్రీజు చాలదు. చక్రం ఎక్కించాక యాక్సిల్ నట్టు, బ్రేక్ కాలిపర్ బోల్టులు మాన్యువల్‌లో రాసిన లెక్క ప్రకారం టార్క్ రెంచితోనే (ఎంత బలంతో బిగుస్తోందో చూపే రెంచి) బిగించాలి, చేతి అంచనాతో కాదు. బిగించిన ప్రతి బోల్టు తల మీద పెయింట్ పెన్నుతో గీత గీస్తాను, మొదటి పొడుగు ప్రయాణం అయ్యాక బండిని మళ్లీ బల్ల ఎక్కించి ఆ గీతలు జరిగాయేమో చూస్తాను. రైజర్ల బోల్టులు, ట్రంకు ర్యాకు బోల్టులు మొదట చూడాల్సినవి, వదులయ్యేది ఎక్కువగా అవే.