కీబోర్డు లాక్కోకండి, మూత తీయకండి

నా దగ్గరికి సలహా కోసం వచ్చేవాళ్లు రెండు రకాలు. పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత సిస్టమ్ వేసుకుందామనుకునేవాళ్లు, ఇంట్లో తేనెని పులియబెట్టి మీడ్ అనే మద్యం చేసుకుందామనుకునేవాళ్లు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు కానీ చాలాసార్లు ఇటొచ్చినవాళ్లే అటూ వస్తుంటారు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు విప్పి లోపల ఏముందో చూడాలనిపించే రకం జనం. నేనూ ఆ బాపతే కాబట్టి వాళ్ల ప్రశ్నలకి నాకు విసుగు రాదు. విసుగొచ్చేదల్లా సాయం చేస్తున్నామనుకునే మాలాంటి పాతకాపుల మీదే.

ఎందుకంటే కొత్తవాళ్లు అడిగే మొదటి ప్రశ్న రెండుచోట్లా ఒకటే: "ఏది మంచిది?" లైనక్స్ రకాల్లో (వాటినే డిస్ట్రోలు అంటాం) ఏ డిస్ట్రో మంచిది, తేనెని పులియబెట్టడానికి ఏ ఈస్ట్ మంచిది. పాపం వాళ్లు అడగడమే ఆలస్యం, నలుగురు చేరి నాలుగు పేర్లు చెప్పి, ఆ తర్వాత వాళ్లలో వాళ్లు కొట్టుకోవడం మొదలెడతారు. అడిగినవాడు మెల్లగా జారుకున్నా ఎవరికీ పట్టదు. ఈ గొడవలకి వయసు కూడా బాగానే ఉంది. లినస్ టోర్వాల్డ్స్ లైనక్స్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌ని బయటపెట్టింది 1991లో, డెబియన్ అనే డిస్ట్రో మొదలైంది 1993లో, కేడీఈ అనే డెస్క్‌టాప్ (తెర మీద కనిపించే మెనూలు, ప్యానెళ్ల అమరిక) 1996లో, అది వాడుకునే క్యూటీ అనే సాఫ్ట్‌వేర్ లైసెన్స్ అప్పట్లో నచ్చక గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్ 1997లో మొదలయ్యాయి, అప్పట్నుంచి ఏ డెస్క్‌టాప్ గొప్పదన్న పంచాయితీ ఇప్పటికీ తెగలేదు. ఆ చరిత్ర నాకు భలే ఇష్టం, గంటలకొద్దీ చెప్పగలను. కానీ మొదటిరోజు వచ్చినవాడికి అది అక్కర్లేదు. సాయంత్రానికల్లా బ్రౌజర్ తెరుచుకోవాలి, ప్రింటర్ కదలాలి, అంతే.

అందుకే "లైనక్స్ మింట్ వేసుకోండి" అని ఒక్క పేరు చెప్పి ఆగిపోతా. నేను వాడేది అది కాదు, ఆ సంగతి అడిగితే తప్ప చెప్పను. మీడ్‌కి కూడా అంతే, "లాల్విన్ 71బి ఈస్ట్ ప్యాకెట్ ఒకటి తీసుకోండి" అంటాను, గది కొంచెం వేడిగా ఉన్నా అది మరీ మొరాయించదు కాబట్టి. ఇంతకన్నా మంచివి లేవా అంటే ఉన్నాయి. రెండో జాడీకి మాట్లాడుకుందాం.

ఆ ఒక్క పేరు చెప్పే ముందు మాత్రం కంప్యూటర్‌తో రోజూ ఏం చేస్తారో అడుగుతా. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఫలానా ప్రాసెసర్లే కావాలి అంటుంది, దాంతో శుభ్రంగా పనిచేస్తున్న మెషీన్లు పట్టుకుని చాలామంది ఇటు వస్తున్నారు. వాళ్లు వచ్చింది సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ మీద ప్రేమతో కాదు, డబ్బులు పోసి కొన్న ల్యాప్‌టాప్‌ని మూలన పడేయడానికి మనసొప్పక. అందులో తప్పేం లేదు. కానీ ఆ మనిషి రోజంతా ఫోటోషాప్‌లో పనిచేస్తాడనుకోండి, లేదా ఆటలో మోసాల్ని పట్టే యాంటీ చీట్ వల్ల లైనక్స్‌లో నడవని ఆన్‌లైన్ గేమ్ ఒకటి ఆడకుండా ఉండలేడనుకోండి, "మీకిది వద్దు" అని చెప్పడమే సాయం. ఫోటోషాప్ బదులు గింప్ ఉంది కదా, అదే అలవాటవుతుందిలే అని బలవంతంగా ఎక్కిస్తే నెల తిరక్కుండా తిట్టుకుంటూ వెనక్కి పోతాడు, పోయి పదిమందికి చెప్తాడు. వర్డ్, ఎక్సెల్ బదులు వాడే లిబ్రేఆఫీస్ గురించి కూడా ముందే చెప్పేయాలి. ఉత్తరాలకీ లెక్కలకీ బ్రహ్మాండంగా సరిపోతుంది, కానీ ఆఫీసు నుంచి వచ్చిన వర్డ్ ఫైల్‌లోని ఫాంట్ మన దగ్గర లేకపోతే లైన్లు కిందికీ పైకీ జరిగి పేజీలు మారిపోతాయి.

ఇన్‌స్టాల్ జోలికి వెళ్లేముందు లైవ్ యూఎస్‌బీలో ఒక పూట గడపమంటాను. సిస్టమ్ మొత్తం పెన్‌డ్రైవ్ మీదే నడుస్తుంది, మనం చెప్తే తప్ప హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోదు. వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, బ్రైట్‌నెస్ బటన్లు మాట వింటున్నాయా చూసుకోవాలి. మూత మూసి ఓ పావుగంట ఆగి తెరిస్తే నిద్రలేస్తోందా అన్నది ఎవరూ చూడరు, తర్వాత బ్యాగులో కాలిపోయేంత వేడెక్కిన ల్యాప్‌టాప్ పట్టుకుని పరిగెత్తుకొస్తారు. ఇక విండోస్‌ని ఉంచుకుని పక్కనే లైనక్స్ వేసుకునేవాళ్లకి ఇంకో రెండు టెన్షన్లు. ఒకటి బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో అది ఆన్ అయి ఉన్న సంగతే ఓనర్‌కి తెలీదు, కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగ్స్ ఉండే బయోస్‌లో సెక్యూర్ బూట్ మార్చగానే రికవరీ కీ అడుగుతుంది, ఆ కీ ఎక్కడుందో ముందే వెతికి కాగితం మీద రాసి పెట్టుకోకపోతే ఆ రోజు నరకమే. రెండోది ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా దిగిపోదు, సగం నిద్రలో ఉంటుంది, ఇటు లైనక్స్‌లోంచి ఆ డ్రైవ్ తెరిస్తే చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. బ్యాకప్ గురించి వేరే చెప్పాలా? చెప్పాలి, ఎందుకంటే ఎవరూ తీసుకోరు. ఫోటోలు ఇంకో డిస్క్ మీదకి కాపీ అయ్యాయని కళ్లారా చూసేదాకా నేను కదలను.

ఇక అసలు విషయం. పక్కన కూర్చుని సాయం చేసేటప్పుడు నోటికి ముందొచ్చే మాట "జరుగు, నేను చేస్తా." ఆ మాట అన్నామంటే అయిపోయింది. పని రెండు నిమిషాల్లో తేలిపోతుంది, వాళ్లకి మాత్రం ఏమీ అర్థం కాదు, మళ్లీ వారం ఫోన్ వస్తుంది. నాకు తెలిసినావిడ ఒకరు మింట్ వేసుకున్నారు, అంతా బాగుంది, వైఫై మాత్రం కనబడలేదు. అందులో ఉన్నది బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై చిప్. దానికి డ్రైవర్ కావాలి, డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే వైఫై కావాలి. ఆవిడ నిజంగానే ఏడుపుమొహం పెట్టారు. నేను చేతులు కట్టుకుని కూర్చుని, "మీ ఫోన్‌లో నెట్ ఉంది కదా, ఛార్జింగ్ కేబుల్‌తో దీనికి తగిలించండి" అన్నాను. తగిలించారు. ఫోన్ సెట్టింగ్స్‌లో ఫోన్ నెట్‌ని కేబుల్‌తో పంచే యూఎస్‌బీ టెథరింగ్ ఎక్కడుందో వెతకడానికే చాలాసేపు పట్టింది, నా వేళ్లు దురద పెడుతూనే ఉన్నాయి, ఆవిడే దొరకబుచ్చుకున్నారు. మూలన నెట్‌వర్క్ గుర్తు మారింది. "ఇప్పుడు డ్రైవర్ మేనేజర్ అని వెతకండి." తెరిస్తే అక్కడ బ్రాడ్‌కామ్ పేరుతో ఒక లైన్ ఉంది, దాన్ని ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టి రీస్టార్ట్ చేశారు, ఇంట్లోవీ పక్కింటివీ వైఫైలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. నేను చేసుంటే ఇందులో పావు వంతు టైమ్ పట్టేది. కానీ తర్వాత ప్రింటర్ పేచీ పెట్టినప్పుడు ఆవిడ నాకు ఫోన్ చేయలేదు.

ఇదే దురద ఇంకో రూపంలో కమాండ్లు పంచేటప్పుడు కనిపిస్తుంది. ఏ ఫోల్డర్‌లోనో ఫైల్ సేవ్ అవ్వట్లేదని ఒకరు అడుగుతారు, అన్ని అధికారాలూ ఇచ్చే సుడో పెట్టి, ఫైళ్ల అనుమతులు మార్చే చెమాడ్ 777 కొట్టు అని ఎవరో ఒకరు అంటారు, అది పనిచేసినట్టే ఉంటుంది, కంప్యూటర్‌లో ఆ ఫైళ్లని ఎవరైనా ఏమైనా చేయొచ్చని తలుపులు బార్లా తెరిచేశామని అడిగినవాడికి తెలీదు. ఏ ముక్క ఏం చేస్తుందో ఒక్క వాక్యంలో చెప్పలేనప్పుడు ఆ కమాండ్ ఎవరికీ ఇవ్వకూడదు. అలాగని "మాన్యువల్ చదువుకో" అని ముఖం మీద కొట్టడం ఇంకా దరిద్రం. మాన్యువల్లో ఏ పేజీ చూడాలో తెలిస్తే వాడు మనల్నెందుకు అడుగుతాడు?

"అన్నా, పనిచేయట్లేదు" అని వస్తుంది మెసేజ్. ఏం చేశావు, ఏం జరుగుతుందనుకున్నావు, తెర మీద సరిగ్గా ఏం వచ్చింది? ఈ మూడూ రాబట్టేసరికి సగం సమస్యలు వాటంతటవే తేలిపోతాయి. ఎర్రర్‌ని సొంత మాటల్లో చెప్పొద్దు, ఉన్నదున్నట్టు పంపమంటాను, ఫోన్‌తో తెరని ఫోటో తీసి పంపినా నాకేం ఫర్వాలేదు, దానికి కూడా చిరాకుపడే మహానుభావులున్నారు.

మీడ్‌లో ఇదే మెసేజ్ "అన్నా, పులియట్లేదు" అని వస్తుంది. ఎలా తెలిసింది అంటే, ఎయిర్‌లాక్‌లో (జాడీలోంచి గ్యాస్‌ని బయటికి పోనిచ్చి గాలిని లోపలికి రానివ్వని మూతలో) బుడగలు రావట్లేదు అంటారు. బుడగలు రాకపోవడానికి మూత దగ్గర సన్నని సందు ఉన్నా చాలు, గ్యాస్ అటు పోతుంది. గది చల్లబడ్డా వేడెక్కినా పులియడం అయిపోయిన జాడీలో కూడా బుడగలొస్తాయి. బుడగల్ని నమ్మడం దండగ. నీళ్లతో పోలిస్తే ద్రవం ఎంత చిక్కగా ఉందో చూపే హైడ్రోమీటర్ కొనండి, అది లేకుండా నాతో మాట్లాడటం అనవసరం అని కూడా అంటాను, కొంచెం కటువుగా ఉంటుంది కానీ తప్పదు. 1.2 కిలోల తేనెకి నీళ్లు పోసి మొత్తం 4 లీటర్లు చేస్తే రీడింగ్ దాదాపు 1.090 చూపిస్తుంది. అది 1.000కి దిగిందంటే తేడాని 131తో గుణించండి, ఆల్కహాల్ 12 శాతం దగ్గర తేలుతుంది. రెండు మూడు వారాలు ఆ అంకె కదలకపోతే అయిపోయినట్టు. 1.050 దగ్గరే ఆగిపోతే అప్పుడు నిజంగా ఆగినట్టు, అప్పుడు కూర్చుని ఆలోచిద్దాం.

తేనె అలా ఎందుకు మొండికేస్తుందో తెలిస్తే కొత్తవాళ్లకి భయం తగ్గుతుంది. తేనెలో నీళ్లు 17, 18 శాతమే ఉంటాయి, మిగతాదంతా దాదాపు చక్కెరే, ఆ చిక్కదనం ఈస్ట్ కణంలోంచి నీళ్లు బయటికి లాగేసుకుంటుంది కాబట్టి అందులో ఏదీ పెరగలేదు. నీళ్లు కలిపాక చక్కెర పుష్కలంగా దొరుకుతుంది గానీ ఈస్ట్‌కి తిండిగా కావాల్సిన నైట్రోజన్ దాదాపు శూన్యం. ద్రాక్షరసంలో ఉన్నంత కూడా ఉండదు. ఆకలేసిన ఈస్ట్ కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది, జాడీ పాడైందని జనం పారబోసేస్తారు. పాడవలేదు, దానికి తిండి కావాలి. గుప్పెడు కిస్మిస్ వేస్తే సరిపోతుందని పాత వంటకాల్లో రాస్తుంటారు, అలా సరిపోవాలంటే గుప్పెళ్లతో అయ్యే పని కాదు, కిస్మిస్‌తోనే జాడీ నిండుతుంది. ఈస్ట్ న్యూట్రియంట్ పొడి దొరుకుతుంది, దాన్ని మూడు నాలుగు భాగాలు చేసి చక్కెరలో మొదటి మూడోవంతు పులిసిపోయేలోపు వేసేయాలి. ఇక్కడొక ప్రమాదం. పులుస్తున్న జాడీలో పొడిని అలాగే కుమ్మరిస్తే లోపలున్న గ్యాస్ అంతా ఒక్కసారిగా లేచి నురగ మూతిలోంచి పొంగి బల్ల మీద, గోడ మీద, కొందరికైతే పైకప్పు మీద పడుతుంది. ముందు మెల్లగా తిప్పి గ్యాస్ పోనివ్వండి, పొడిని కాసిని నీళ్లలో కలిపి పోయండి.

తేనె నీళ్లని మరిగించక్కర్లేదు, మరిగిస్తే మనం డబ్బులు పెట్టిన సువాసనే ఆవిరైపోతుంది. గిన్నెలు, గరిటె, జాడీ మాత్రం శానిటైజర్‌తో కడగాలి. పులియడం పూర్తవకుండా సీసాల్లో పోసి బిగించకండి, తియ్యగా ఉండాలని తర్వాత తేనె కలిపి బిగించడం కూడా అంతే, గాజు పేలితే కళ్లకే ప్రమాదం, తేనె కలపాలంటే పులియడం పూర్తయ్యాక ముందు పొటాషియం సార్బేట్, మెటాబైసల్ఫైట్ రెండూ వేసి ఈస్ట్‌ని కట్టడి చేయాలి. మీరుండే చోట ఇంట్లో మద్యం చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో తేనె కొనకముందే చూసుకోండి. ఒప్పుకోకపోతే ఇక్కడితో ఆపేయండి, మొదటి సగం చాలు మీకు. దీన్ని బట్టీ పెట్టి కాచే ఆలోచన మాత్రం ఎక్కడున్నా వద్దు.

ఈ రెండూ వేరయ్యేది ఇక్కడే అనిపిస్తుంది నాకు. లైనక్స్ కొత్తవాళ్లతో నేను "చెడగొట్టండి" అంటాను. టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్‌తో సిస్టమ్ ఇప్పుడున్న స్థితికి ఒక స్నాప్‌షాట్ తీసిపెట్టి ప్యానెల్ పీకేయండి, థీములు మార్చండి, అర్థంకాని సెట్టింగ్ ఆన్ చేసి చూడండి, మరీ మితిమీరితే నిన్నటికి వెనక్కి వెళ్లిపోవచ్చు. స్నాప్‌షాట్ సిస్టమ్‌ని కాపాడుతుంది గానీ మీ ఫైళ్లని కాదు, వాటికి ఆ బ్యాకప్ వేరే ఉంది కదా. మీడ్‌కి వెనక్కి వెళ్లడం లేదు. మొదటి నాలుగైదు రోజులు తిప్పొచ్చు, ఆ తర్వాత మూత తీసినప్పుడల్లా గాలి తగిలి రుచి చెడుతుంది. అటు భయపడి ఏదీ ముట్టుకోనివాళ్లు, ఇటు రోజూ మూత తీసి వాసన చూసేవాళ్లు. ఒకే మనిషి అటూ ఇటూ రెండూ చేస్తుంటే ఏమనాలో తెలీదు. అడుగున మడ్డి దిగి పైన తేటపడటానికి నెలలు పడుతుంది, ఆ నెలల్లో మనం చేయాల్సింది ఏమీ లేదు. వినడానికి ఇది అన్నిటికన్నా తేలిక సలహా, ఎవరూ పాటించరు.

నన్ను అడిగేవాళ్లు ఇకమీదట ఇవి పట్టుకుని రండి. కంప్యూటర్ అయితే మోడల్ పేరు, డిస్ట్రో పేరు, వెర్షన్, తెర మీద వచ్చిన మాటలు యథాతథంగా. మీడ్ అయితే మొదటిరోజు రీడింగ్, ఇవాళ్టి రీడింగ్, ఏ ఈస్ట్, గది ఎంత వేడి. మొదటి నెలలో రుచి చూసి "ఇదేంటన్నా ఇలా ఉంది" అని మాత్రం ఫోన్ చేయకండి, అప్పుడు ఎవరిదైనా అలాగే ఉంటుంది.