వసంతంలో మంచు వాలులు: స్కీ టూరింగ్ లాగ్, ఏప్రిల్

మొదటి వారం

స్కీలతోనే మంచు కొండ ఎక్కి, వాటి మీదే జారుతూ దిగడం స్కీ టూరింగ్. చలికాలమంతా మంచు చరియలు విరిగిపడతాయేమోనని మా చూపు కొత్త మంచు మీద, గాలి మీదే ఉండేది. ఎంత పడింది, గాలి దాన్ని ఏ వైపు పోగేసింది అని చూసుకుంటే సగం పని అయిపోయేది. మార్చి దాటాక నోట్‌బుక్‌లో మొదట రాసుకునేది రాత్రి సంగతి. ఆకాశం తేటగా ఉందా? మంచు గడ్డకట్టిందా? ఎంత మందాన?

మబ్బు లేని రాత్రి మంచు తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. గాలి కూడా పొడిగా ఉంటే, థర్మామీటర్ సున్నాకి కాస్త పైన చూపిస్తున్నా పైపొర గట్టిపడుతుంది. మబ్బు కమ్మిన రాత్రి అదే థర్మామీటర్ అంకెకి మంచు మెత్తగానే ఉండిపోతుంది. అందుకే కనిష్ఠ ఉష్ణోగ్రతతో పాటు మబ్బు, తేమ, గాలి కూడా రాసుకుంటున్నాను.

ఈసారి చీకట్లోనే ఎక్కడం మొదలుపెట్టాం. పోల్ (స్కీ చేతికర్ర) మొన తాకితే టక్కుమని చప్పుడు. తవ్వి చూస్తే బెత్తెడు మందాన గట్టి పొర, దాని కింద తడిసిన పంచదారలా విడివిడి రేణువులు. పైపొర ఉన్నంతసేపే ఈ వాలు మనల్ని మోస్తుందని ఆ గుంటలో కళ్లారా కనిపించింది. తొమ్మిదిన్నరకి పైన రెండు సెంటీమీటర్లు మెత్తబడింది. స్కీలకి ఇంతకంటే హాయైన మంచు ఉండదు, వెంటనే దిగేశాం. కిందికొచ్చి వెనక్కి చూస్తే ఎండకి కాగిన రాళ్ల కింద నుంచి చిన్న చిన్న మంచు ఉండలు దొర్లుతూ గీతలు గీస్తున్నాయి. తడి మంచు పట్టు వదులుతోందని చెప్పే తొలి గుర్తు అదే. బూటు చీలమండ దాటి దిగబడుతోందంటే అప్పటికే ఆలస్యమైనట్టు, నిటారు వాలు మీద ఉండకూడదు.

ఉత్తరార్ధగోళంలో ఎండ ముందు తూర్పు వాలుకి తగులుతుంది, మధ్యాహ్నానికి దక్షిణానికి, ఆ తర్వాత పడమటికి. మా రూట్ ప్లాన్ కూడా అదే వరసలో వేసుకుంటున్నాం. ఉత్తరపు వాలు సంగతి వేరు. అక్కడ ఇంకా చలికాలపు పొడి మంచే ఉండొచ్చు, లోపలి బలహీన పొరలతో సహా.

రెండో వారం

వరసగా రాత్రులు మబ్బే. గడ్డకట్టడం లేదు, పైగా ఒకరోజు వాన. పైకి వెళ్లలేదు. కరిగిన నీళ్లు లోపలికి ఇంకి, పాత గట్టి పొర తగిలిన చోట నిలిచిపోతాయి. అక్కడ రేణువుల పట్టు పోతే పై మంచంతా ఒకే పలకగా కదులుతుంది. ఈ తడి పలకలు ఎప్పుడు జారతాయో గుంట తవ్వి టెస్ట్ చేసినా సరిగ్గా అంచనా అందదు. నాకు అన్నిటికంటే టెన్షన్ వీటితోనే. పొడి మంచు చరియంత వేగం లేకపోయినా బరువు ఎక్కువ, ఆగగానే బిగుసుకుపోతుంది.

నున్నటి బండ మీదో గడ్డి మీదో మొత్తం మంచు నేలదాకా జారుతూ పెద్ద పగులు తెరుచుకున్న చోట్లు ఇంకో రకం. అవి పగలే పడాలని లేదు, అర్ధరాత్రి కూడా పడతాయి. వాటి కింద ఆగొద్దు, తిండికి కూడా.

ఇంటి దగ్గరున్న ఈ సమయంలో ట్రాన్స్‌సీవర్ సాధన చేశాం. మంచులో పూడుకుపోయిన వాళ్లని సిగ్నల్‌తో వెతకడానికి ఒంటికి కట్టుకునే పరికరం అది. దాని 457 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌ని ఫోన్లు చెడగొడతాయి. మామూలుగా నడిచేటప్పుడు ఫోన్ కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. మా టీమ్‌లో వెతికేటప్పుడు ఫోన్ ఆఫ్ చేసేస్తున్నాం. ప్రోబ్ (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) మనిషికి తగిలాక బయటికి తీయొద్దు, అక్కడే వదిలి, వాలు దిగువ వైపు నుంచి తవ్వాలి. తడి మంచు ముక్కలు గట్టిగా ఉంటాయి కాబట్టి పార బ్లేడు లోహంది కావాలి. పూడుకుపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పది, పదిహేను నిమిషాల తర్వాత వేగంగా పడిపోతుంది. అందుకే తవ్వడాన్ని కూడా టైమ్ పెట్టుకుని చేస్తున్నాం, అలసిపోకముందే మనిషి మారుతూ.

మూడో వారం

చలి తిరిగొచ్చింది. గట్టి పొర మీద కొత్త మంచు, దానికి తోడు గాలి. మంచు చరియల బులెటిన్‌లో ప్రమాద స్థాయి ఐదింటిలో మూడు. మూడు అంటే మధ్యస్థం అనుకుని తేలిగ్గా తీసుకోవద్దు, మనిషి బరువుకే చరియ విరిగే స్థాయి అది. మబ్బు విడి తొలి ఎండ పడగానే ఈ కొత్త మంచు గంటల్లోనే తడిసి జారుతుంది. పలక చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే విరుగుతాయి కాబట్టి ఆ రోజంతా 30కి లోపే తిరిగాం. మనం నడిచే చోటు చదునుగా ఉన్నా తల మీద ఏ వాలు ఉందో చూసుకోవాలి. గట్టు అంచున గాలికి బయటికి పెరిగిన మంచు చూరు కూడా అనుకున్నదానికంటే బాగా లోపలికి విరుగుతుంది. రాయి బయటపడి ఉన్న చోటే అడుగులు వేశాం.

ఈ వారాంతం ఆకాశం తేట, గాలి పొడి అంటున్నారు. నాలుగున్నరకి బయల్దేరి, తూర్పు వాలు తొమ్మిదిన్నరలోపు దిగెయ్యాలి. తెల్లారి పోల్ గుచ్చితే టక్కుమనకపోతే ఎక్కేది లేదు.