మిణుకుమనే మారియో వీడియోలో చిక్కట్లేదు

మారియో మళ్లీ మాయమయ్యాడు. పెద్ద మారియో గూంబాకు (ఎదురుగా నడిచొచ్చే శత్రువుకు) తగిలి చిన్నవాడైపోతాడు కదా, ఆ తర్వాత దాదాపు 3 సెకన్లు మిణుకుమిణుకుమంటూ ఉంటాడు. టీవీలో చక్కగా కనిపిస్తున్నాడు. అదే ఆటను ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేసి చూస్తే ఆ 3 సెకన్లూ తెర మీద మనిషే లేడు. గూంబాలు నడుస్తున్నాయి, టైము తగ్గుతోంది, మారియో మాత్రం లేడు. ఇంకోసారి రికార్డు చేస్తే మిణుకు అనేదే లేకుండా నిలకడగా ఉన్నాడు. అదే క్యాసెట్, అదే వైరు, అవే సెట్టింగులు. పిచ్చెక్కిపోతోంది.

ఈసారి రాస్తున్నది 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ గురించి. రాత పని పూర్తయింది, కావలసింది ఈ చిన్న వీడియో ముక్క ఒక్కటే. గేముల గురించి తెలుగులో రాయడం మొదలుపెట్టినప్పుడే ఒకటి గట్టిగా అనుకున్నాను: కథ చెప్పి, బాగుంది బాగాలేదు అని వదిలేయకూడదు, లోపల ఏం జరుగుతోందో చూపించాలి. నల్లగొండలో టీవీకి తగిలించే గేము సెట్టు, క్యాసెట్లు కిరాయికి తెచ్చుకుని తెల్లారేదాకా ఆడిన వాళ్లందరూ ఆ మిణుకును చూసినవాళ్లే. అది ఎందుకు వస్తుందో చెబుతూ, మనం ఆడిన అలాంటి సెట్టు నుంచే తీసి చూపించాలని నా పట్టుదల.

ముందు సెట్టు వేగం తేల్చుకున్నాను. మారియోలో పైన కనిపించే టైము మామూలు సెకన్లు కాదు. గేము ప్రతి 24 ఫ్రేములకు ఒక అంకె తగ్గిస్తుంది. అంటే 400 నుంచి 300కు రావడానికి 2,400 ఫ్రేములు పట్టాలి. జపాన్, అమెరికా టీవీల లెక్కన సెకనుకు 60 ఫ్రేములైతే 40 సెకన్లు, మన దేశంలో వాడిన పాల్ పద్ధతి టీవీ లెక్కన 50 అయితే 48 సెకన్లు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను, 48 దగ్గర ఆగింది. అక్కడి పిల్లలు ఆడిన మారియో కంటే మా సెట్టులో మారియో ఆరో వంతు నెమ్మది! పాట కూడా అంతే సాగుతుంది. మా చేతులకు ఆ వేగమే అలవాటు, ఇప్పటికీ 60లో ఆడితే గుంతల దగ్గర దుంకు టైమింగు కుదరదు.

ఇక మిణుకు సంగతి. దెబ్బ తగిలాక గేము మారియోను ఒక ఫ్రేములో గీస్తుంది, తర్వాతి ఫ్రేములో గీయదు. మళ్లీ గీస్తుంది, మళ్లీ వదిలేస్తుంది. సెకనుకు వచ్చే 50 ఫ్రేముల్లో 25 మారియో ఉన్నవి, 25 లేనివి. మామూలు టీవీ ప్రసారంలో 625 గీతల బొమ్మ రెండు సగాలుగా వస్తుంది, ముందు ఒక వరస గీతలు, వాటి మధ్య గీతలు ఆ తర్వాత. ఒక్కో సగం ఒక ఫీల్డు. మన పాత సెట్టు అలా పంపదు. ప్రతిసారీ 312 గీతలతో ఒక పూర్తి బొమ్మనే పంపుతుంది, డబ్బా టీవీ వాటన్నిటినీ ఒకే చోట గీసేస్తుంది. సెట్టు బొమ్మను ల్యాప్‌టాప్‌లోకి పంపే యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్కుకు ఈ తేడా తెలియదు. రెండు ఫీల్డులు వస్తే అవి ఒకే బొమ్మలోని సగాలే అనుకుంటుంది.

సగాలు అనుకుని రెండింటినీ కలిపినా బాగుండేది, తర్వాత విడదీసుకోవచ్చు. కలిపితే మారియో దువ్వెన పళ్లలా గీతలు గీతలుగా కనిపించాలి, లేదా పొగలా పలచగా కనిపించాలి. నాకు ఆ రెండూ రాలేదు. అనుమానం వచ్చి ఒక ఫ్రేమును బాగా పెద్దది చేసి చూశాను. 576 గీతల బొమ్మలో ప్రతి రెండు గీతలూ అచ్చం ఒకటే. అంటే నిజంగా ఉన్నవి 288. స్టిక్కు ఒక ఫీల్డును పూర్తిగా పారేసి, మిగిలినదాన్నే రెట్టింపు చేసి ఇస్తోంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రాములో సెపరేట్‌ఫీల్డ్స్ పెట్టి ఫీల్డులు విడదీస్తే రెండు ముక్కల్లోనూ ఒకే బొమ్మ వచ్చింది, దాంతో అనుమానం తీరింది. రికార్డు చేసే ప్రోగ్రాము ఓబీఎస్‌ను 50 ఫ్రేములకు పెట్టినా ఫైలులో ప్రతి ఫ్రేమూ రెండుసార్లు వస్తోంది. అందులో ఫీల్డులను సరిచేసే సెట్టింగులు యాడిఫ్ 2ఎక్స్, బ్లెండ్ 2ఎక్స్, రెట్రో అన్నీ మార్చి చూశాను. ఫీల్డే లోపలికి రానప్పుడు వాటికి చేయడానికి ఏముంది?

పారేసే ఫీల్డు మారియో ఉన్నదైతే వీడియోలో అసలు ఉండడు, లేనిదైతే కదలకుండా ఉంటాడు. మరి ఒక్కోసారి ఒక్కోలా ఎందుకు? మొదటి లెవెల్ 1-1లో మారియోను పెద్దవాణ్ని చేసే పవర్ మూడుసార్లు దొరుకుతుంది కాబట్టి ఒకే లెవెల్లో రెండు దెబ్బలు తినవచ్చు. మా బిడ్డ చేతికి రిమోట్ ఇచ్చి కావాలనే తగిలించమన్నాను, తను మస్తు ఖుషీగా ఆడింది. ఒకే లెవెల్లో రెండు దెబ్బలకూ ఫలితం ఒకేలా వస్తోంది. చచ్చి మళ్లీ మొదలుపెడితే మాత్రం ఒక్కోసారి తిరగబడుతోంది. లెవెల్ మొదలయ్యేటప్పుడు గేము తెర ఆపి లోడు చేసుకుంటుంది, అప్పుడు పోయిన ఫ్రేములు బేసి సంఖ్య అయితే సరి బేసి వంతు మారిపోతుందని నా అంచనా. స్టిక్కు ఫీల్డును ఎంచుకునే తీరు కూడా యూఎస్‌బీ తీసి పెట్టినప్పుడల్లా మారుతుందేమో. దాన్ని విడిగా పరీక్షించాలి.

వేరే కంపెనీ పేరున్న స్టిక్కు కూడా ఇలాగే చేసింది, లోపల చిప్పు ఒకటే అయ్యుంటుంది. హైదరాబాద్ రోడ్డులో సీసీటీవీ షాపు పెట్టుకున్న దోస్తు పాత డీవీఆర్ (కెమెరా బొమ్మలు రికార్డు చేసే పెట్టె) ఇచ్చాడు. పసుపు వైరుకు బీఎన్‌సీ కనెక్టరు తగిలిస్తే బొమ్మ చాలా నిలకడగా వచ్చింది, కానీ అదీ 25 ఫ్రేములే. ఫోన్ కెమెరాతో నేరుగా టీవీని తీస్తే, షట్టరు 1/50కి పెట్టాక నల్ల పట్టీలు పోయాయి, మిణుకు కూడా కొంత పడింది. కానీ ఒక ఫ్రేములో మారియో టోపీ ఉంటుంది, కాళ్లు ఉండవు.



ఎమ్యులేటర్ (పాత సెట్టులా నడిచే కంప్యూటర్ ప్రోగ్రాము) వాడొచ్చు కదా అని అడుగుతారు. మెసెన్ అనే ఎమ్యులేటర్‌లో మన సెట్టు లాంటి 50 ఫ్రేముల పద్ధతి, డెండీ రీజియన్ పెడితే 50 ఫ్రేములు, మిణుకు అన్నీ సరిగ్గా వస్తాయి. నాకు తెలిసి అంతకంటే మంచి ఎమ్యులేటర్ లేదు. పోలిక కోసం ఆ వీడియో కూడా పెడతాను. కానీ అందులో రంగులు మరీ శుభ్రంగా ఉంటాయి. మన సెట్టులో ఎరుపు అంచులు కారినట్టుంటాయి, పైపుల పక్కన సన్నగా చుక్కలు పాకుతుంటాయి. ఆ బొమ్మ కావాలి నాకు. రెట్రోటింక్ లాంటి పెట్టె ఉంటే పని సులువే, ఈ ఫీల్డులను ఎలా చూడాలో దానికి తెలుసు. ఆ డబ్బు మాత్రం ప్రస్తుతం క్యాసెట్లకు పెట్టుకుంటాను.

అందుకే ఇప్పుడు నా ఆశంతా బీటీ878 చిప్పున్న పాత టీవీ ట్యూనర్ కార్డు మీద ఉంది. అది ఫీల్డులు రెండింటినీ ముట్టుకోకుండా కంప్యూటరుకు ఇస్తుంది, లినక్స్‌లో దానికి డ్రైవరు ఎప్పటినుంచో ఉంది. ఆ కార్డు పట్టే పీసీఐ స్లాటున్న కంప్యూటరు కోసం మిర్యాలగూడలో మూసేసిన నెట్ సెంటరు ఓనరుతో మాట్లాడాను, పాత డెస్క్‌టాప్ ఇస్తానన్నారు. కార్డు కోసం ఆదివారం ఎర్రగడ్డ సంతకు వెళ్లాలి, దొరక్కపోతే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ. 720×576లో కంప్రెషన్ లేకుండా తీస్తే సెకనుకు 20 ఎంబీ పైనే, నిమిషానికి 1.2 జీబీ. మారియో దెబ్బ తినే ముక్క వరకే తీస్తాను కాబట్టి డిస్కుకు ఇబ్బంది లేదు. ఫీల్డులు విడదీసి, పైనా కిందా అంచులు కోసి 240 గీతలకు తెచ్చి, మూడు రెట్లు పెంచి 720 చేస్తాను. 720 కంటే తక్కువ పెడితే యూట్యూబ్ 50 ఫ్రేములు చూపించదు, మళ్లీ ఇదే కథ.

ఇది కుదిరితే తర్వాతిది మన ట్యాంకు గేము, బ్యాటిల్ సిటీ. అక్కడ ఒకే గీత మీద 8 చిన్న బొమ్మ ముక్కలు దాటితే చిప్పు గీయలేదు, ఇద్దరు ఆడుతూ ట్యాంకులన్నీ ఒక వరసలోకి వస్తే ఏం జరుగుతుందో చూడాలి. ఆ తర్వాత డక్ హంట్. దాని తుపాకీ ఎల్‌సీడీ టీవీలో పనిచేయదు, కాబట్టి ఇంట్లో డబ్బా టీవీ మూలన పడి ఉన్నవాళ్లు దయచేసి దాన్ని పాత సామాన్లవాడికి వేయకండి. నల్లగొండ చుట్టుపక్కలైతే నేనే వచ్చి తీసుకెళ్తాను.