బాబాయి షాపులో విండోస్ 7

మా బాబాయిది డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, 'అను' అనే తెలుగు ఫాంట్లతోనే, కొత్త విండోస్ వేస్తే ఆ ఫాంట్లు ఎక్కడ పాడవుతాయోనని ఇంకా విండోస్ 7 మీదే లాగిస్తున్నాడు. మార్చు బాబాయ్ అని ఎన్నిసార్లు మొత్తుకున్నా "బానే నడుస్తోంది కదరా" అనేవాడు. అసలు చిక్కే అది, బానే నడుస్తుంది. 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ దానికి ఉచిత అప్‌డేట్లు ఆపేసింది, ఆ తర్వాత బయటపడిన, వైరస్‌లు దూరే కన్నాలు ఈ మెషీన్లో అలాగే తెరిచి ఉన్నాయి.

సోమవారం పొద్దున్నే ఫోన్, "పత్రికలేవీ ఓపెన్ కావట్లేదురా" అని. వెళ్లి చూస్తే ప్రతి ఫైలు పేరు చివర ఏవో పిచ్చి అక్షరాలు, పక్కనే ఇంగ్లీషులో చీటీ, బిట్‌కాయిన్లు పంపితే తాళం తీస్తారట. "ఒక బిట్‌కాయిన్ ఎంతుంటుందిరా?" అన్నాడు పాపం, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరి పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చిందో, నెట్‌లోంచే వచ్చిందో తేలలేదు.

2017 మేలో ఇలాగే ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు కూడా ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 మెషీన్లే. కాకపోతే అది దూరే కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ (ప్యాచ్) మార్చిలోనే వచ్చేసింది, వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఇప్పుడు బాబాయి వేసుకుందామన్నా ప్యాచ్ ఎక్కడిది?

డబ్బు కట్టలేదు. ఫార్మాట్ కొట్టి మళ్లీ అదే విండోస్ 7 వేశాం (ఫాంట్ల కోసమే, తిట్టకండి), కానీ నెట్ కేబుల్ పీకేశాను. మెయిళ్లకి, పెన్‌డ్రైవ్‌లకి నా పాత ల్యాప్‌టాప్ ఇచ్చాను, అందులో విండోస్ 11 ఉంది. బ్యాకప్ లేదు కాబట్టి ఎల్లుండి ఇవ్వాల్సిన శుభలేఖ మాత్రం మొదటి నుంచి టైపు చేస్తున్నాడు.