పచ్చి అరటికాయలు కొనని జడ్జి సారు

మా నాయినకు ఒక గెట్టు పంచాయితీ కేసుంది. రెండు గుంటల జాగ. 2010ల ఏసినం, ఇప్పటికి ఆరుగురు జడ్జిలు మారిన్రు. కోర్టు పేరెందుకులే గని, దేవరకొండ దిక్కున్న మా ఊరి నుంచి పొద్దుగాలనే బస్సెక్కి పోతం, చెట్టు కింద కూసుంటం, పిలుపు వస్తది, వకీలు సారు లోపలికి పోయి రెండు నిమిషాల్ల బయటికొచ్చి వాయిదా తారీఖు చెప్తడు, అయిపాయె. సాక్షులను ఇన్న జడ్జి ఒకాయన, వాదనలు ఇన్నది ఇంకొకాయన, ఇగ తీర్పు రాస్తడనంగ ఆయనకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది, కొత్తాయన వాదనలు మళ్ల చెప్పమన్నడు. ఆయన తప్పేం లేదు, ఇనకుండ ఎట్ల రాస్తడు పాపం.

మొన్న మా మేనబావ అమెరికల సిటిజన్ అయిండు. కాన్సస్ రాష్ట్రంల విచిటా అనే ఊర్ల ఉంటడు. ప్రమాణం ఫెడరల్ జడ్జి, అంటే రాష్ట్రం కోర్టు కాదు కేంద్రం కోర్టు జడ్జి, చేయించిండంట. నాకు మా కేసే యాదికొచ్చి "ఆ ఫెడరల్ జడ్జిలకు ట్రాన్స్‌ఫర్లు ఎన్నేండ్లకు బావా" అనడిగిన. "ఉండయ్ బామ్మర్ది, సచ్చేదాంక ఆ కుర్చీనే" అన్నడు. నేను నమ్మలే. రాత్రి కూసొని చదివితే నిజమే. ప్రెసిడెంట్ పేరు పంపుతడు, సెనేట్, అంటే వాళ్ల పార్లమెంటుల పైసభ, ఒప్పుకుంటది, ఇగ అంతే, రిటైర్మెంట్ వయసు లేదు, జీతం తగ్గించొద్దని రాజ్యాంగంలనే ఉంది, పీకెయ్యాలంటే ఇంపీచ్‌మెంట్ పెట్టాలె, అంటే పార్లమెంటుల తప్పు మోపి విచారణ జెయ్యాలె. మన జిల్లా జడ్జిలు అరవై దాటితే ఇంటికే కదా.

అదే విచిటా కోర్టుల వెస్లీ బ్రౌన్ అని ఒకాయన ఉండె. 1907ల పుట్టిండు. 1962ల ప్రెసిడెంట్ కెన్నెడీ ఆయనను జడ్జిని చేసిండు, 2012 జనవరిల పాణం పోయేదాంక జడ్జే. 104 ఏండ్లు! నేను రెండుసార్లు లెక్కేసుకున్న. 1979లనే సీనియర్ జడ్జి అయిండు, అంటే అరవై అయిదు దాటి పదిహేనేండ్లు చేసినోళ్లు పూర్తి జీతంతోని పని తగ్గించుకోవచ్చు, ఇంట్ల కూసున్నా ఎవరేమనరు, ఈయన మాత్రం ఇంకో ముప్పై రెండేండ్లు కోర్టుకు వచ్చిండు. ఆఖరికి ముక్కుకు ఆక్సిజన్ పైపు పెట్టుకొని బెంచి మీద కూసునేటోడంట. ఏండ్లకేండ్లు నడిచే కేసు తెచ్చిన వకీళ్లకు ముందే చెప్పేటోడంట, ఈ వయసుల నేను పచ్చి అరటికాయలు గూడ కొంటలేను అని. అయి పండేదాంక ఉంటడో లేదో అని ఆయన లెక్క.

ఆ ఫెడరల్ కోర్టులల్ల క్రిమినల్ కేసులు పదింటికి దాదాపు తొమ్మిది ముద్దాయి నేరం ఒప్పుకునుడుతోనే అయిపోతయంట, విచారణ దాంక వచ్చేటియి శానా తక్కువ. విచారణ జరిగినా సాధారణంగ నిజమేందో తేల్చేది జ్యూరీల కూసున్న మామూలు జనం, జడ్జి చట్టం ఏందో చెప్తడు, శిక్ష ఏస్తడు. శిక్ష ఎంతనేది రాసుకుంట యాభై ఏండ్లు ఒక్క ఊర్లనే బతుకుడంటే ఎట్లుంటదో, అంగడికి పోతే ఎవరెదురైతరో. నాకైతే గదే ఆలోచన.

ఇదంత నాయినకు చెప్పిన. సంబురపడతడనుకున్న. బీడీ ఆర్పి "చెడ్డోడు తలిగితే ఏం జేస్తర్రా మరి, యాభై ఏండ్లు మొయ్యాల్నా? మనకు ఈయన పోతే వచ్చేటాయన మంచోడైతడని ఆశన్న ఉంటది" అన్నడు. నేను జవాబు ఎతుక్కునేలోపల్నే ఇంకోటి అడిగిండు.

"ఆ ముసలాయన సచ్చినంక ఆయన కాడున్న కేసులు ఏమైనయ్?"

"వేరే జడ్జిలకు ఇస్తరు నాయినా."

"మళ్ల వాదనలు మొదటి నుంచేనా?" అని ఒకటే నవ్వుడు. మా వాయిదా వచ్చే నెల పదకొండుకుంది.