బొలోన్యాలో మొదటి రోజు: 18.6 కిలోమీటర్లు, సగానికి పైగా కప్పు కిందే

వచ్చే మేలో ఇటలీలోని బొలోన్యా నుంచి ఫ్లోరెన్స్ దాకా కొండల మీదుగా నడవాలని నేనూ మా చెల్లీ జనవరి నుంచి నడక పెంచుకుంటూ వస్తున్నాం. ఆ దారి పేరు వియా దెల్యి దేయి, అంటే దేవుళ్ల దారి. సుమారు 130 కిలోమీటర్లు, మామూలుగా ఐదారు రోజులు పడుతుంది. మేముండే మ్యూనిక్‌లో ఎప్పుడూ ఒకే పార్కు, ఒకే మట్టిబాట కాబట్టి, రాతినేల మీద రోజంతా నడిస్తే కాళ్లు ఏమంటాయో చూద్దామని అక్టోబర్‌లో నాలుగు రోజులు బొలోన్యా వచ్చాం. ఇది మొదటి రోజు లెక్క.

పొద్దున్న 7:40కి స్టేషన్ దగ్గరి గది నుంచి బయలుదేరాం. సన్నగా జల్లు పడుతోంది. బ్యాగులో లీటరున్నర నీళ్లు, గొడుగు, రెండో జత సాక్సులు, మడమలకు టేపు. పియాజ్జా మజ్జోరే అనే ఊరి నడిబొడ్డు చౌక్ దాకా కిలోమీటరుకు పైగా నడిచినా గొడుగు తెరవాల్సిన పని దాదాపు రాలేదు, ఎందుకంటే వియా దెల్ ఇండిపెండెంజా అనే ఆ పెద్ద వీధి పొడవునా పోర్టికోలే. పోర్టికో అంటే ఇంటి ముందు స్తంభాల మీద నిలబడ్డ వసారా అనుకోండి, పైన గదులు, కింద జనం నడిచే దారి. పాత నగరంలోనే ఇవి 38 కిలోమీటర్లు, ఊరంతా కలిపితే 62. 2021లో యునెస్కో జాబితాలో చేరాయి. వెనకటి రోజుల్లో ఇక్కడి విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి వచ్చేవాళ్లతో ఊరు కిక్కిరిసిపోతుంటే ఇళ్లవాళ్లు పైగదులను వీధి మీదికి పెంచుకుంటూ వచ్చారు, వాటి కింద దుంగలు నిలబెట్టారు. 1288లో నగరం దాన్నే చట్టం చేసింది: కొత్త ఇల్లు కడితే పోర్టికో ఉండి తీరాలి, గుర్రం మీద మనిషి దూరిపోయేంత ఎత్తుండాలి, బాగోగులు ఇంటివాళ్లే చూసుకోవాలి, నడిచే హక్కు మాత్రం అందరిదీ. మా తాతగారి ఊళ్లో వీధి అరుగు మీద దారిన పోయే ఎవరైనా కూర్చోవచ్చు, ఎవరూ లేవమనేవాళ్లు కాదు. ఇక్కడ అలాంటి అరుగులన్నీ కలిసి ఒక ఊరు దారిగా మారినట్టు అనిపించింది నాకు.

నడిచేవాళ్లకు ఒక జాగ్రత్త. ఆ పోర్టికోల నేల చాలాచోట్ల మన పాత ఇళ్లలోని మొజాయిక్ గచ్చులా నున్నగా ఉంటుంది. జనం తడి చెప్పులతో తొక్కిన చోట నా షూ రెండుసార్లు జారింది. అడుగు అరగని షూ వేసుకోండి, గుమ్మాల దగ్గర అడుగు చిన్నగా వేయండి.

పియాజ్జా మజ్జోరే పక్కన పలాజ్జో దెల్ పొదెస్తా అనే పాత భవనం కింద ఒక కమాను మండపం ఉంది. ఒక మూలన గోడవైపు తిరిగి గుసగుసగా మాట్లాడితే ఎదురు మూలన నిలబడ్డవాళ్లకు స్పష్టంగా వినిపిస్తుంది. నేను గోడకు మొహం పెట్టి నిలబడ్డాను, మధ్యలో జనం కేకలు, సైకిలు బెల్లులు. "అక్కా, మడమ ఎలా ఉంది?" అని చెల్లి గొంతు చెవి పక్కనే వినిపించింది. అప్పటికే ఎడమ మడమ కొంచెం మండుతోంది, చెప్పేశాను. వెంటనే కూర్చుని టేపు వేయించింది. ఆ పది నిమిషాలు ఆగకపోతే మధ్యాహ్నం కొండ ఎక్కేదాన్ని కాదు. మంట మొదలైన నిమిషంలోనే టేపు వేయాలి, పొక్కు తేలాక వేస్తే లాభం లేదు.

అక్కణ్నుంచి రెండు గోపురాల దగ్గరికి. అజినెల్లి 97 మీటర్లు, గారిసెండా 48. గారిసెండా ఒరిగిన తీరు చూస్తే కాసేపు మన కాళ్ల కింద నేలే వాలినట్టు ఉంటుంది. దాని పరిస్థితి బాగాలేక 2023 అక్టోబర్‌లో చుట్టూ మూసేశారు, అజినెల్లి ఎక్కడం కూడా అప్పుడే ఆపేశారు. కాబట్టి ఎక్కే ప్లాన్ పెట్టుకోకండి, దూరం నుంచి చూసి స్ట్రాడా మజ్జోరే వీధి వైపు నడవండి. అక్కడ కాసా ఇజోలాని ఇంటికి పాతకాలపు చెక్క పోర్టికో ఇంకా ఉంది, 13వ శతాబ్దం నాటిది. ఓక్ దుంగలు మూడో అంతస్తు దాకా నిటారుగా లేస్తాయి. ఒకదాని మీద చెయ్యి పెట్టాను. చేతివేలు దూరేంత పగుళ్లు, వాటి అంచులు అరిగిపోయి, మా ఊరి రథం ఇరుసులా నల్లగా, గట్టిగా ఉంది. ఇంత బరువు మోస్తూ ఇన్ని వందల ఏళ్లు. కదలబుద్ధి కాలేదు.

నేను అసలు ఎదురుచూసింది సాన్ పెట్రోనియో చర్చి కోసం. 1390లో మొదలుపెట్టారు, ముందుగోడ కింది సగం పాలరాయి, పై సగం ఇప్పటికీ ఇటుకే. లోపల ఎడమవైపు నేల మీద 67 మీటర్ల గీత ఉంది, 1655లో కాస్సీని అనే ఖగోళ శాస్త్రవేత్త గీయించింది. దాదాపు 27 మీటర్ల ఎత్తున కప్పులో ఉన్న చిన్న రంధ్రంలోంచి ఎండ పడి, సూర్యుడు ఆ రోజుకు అన్నిటికంటే ఎత్తుకు చేరే క్షణంలో ఆ గీతను దాటుతుంది. అక్టోబర్ మధ్యలో ఇక్కడి గడియారం ప్రకారం అది ఇంచుమించు ఒంటిగంటకు. జల్లు పదకొండుకే ఆగింది కానీ మబ్బు విడవలేదు, 12:50 దాకా నాకు ఒకటే టెన్షన్. తర్వాత నేల మీద మసకగా ఒక వెలుగు ముద్ద తేలింది, భోజనం పళ్లెం కంటే బాగా పెద్దది, కోలగా. చూస్తుండగానే కదులుతోంది. గీత పక్కన రాశుల గుర్తులున్నాయి, వెలుగు తులకూ వృశ్చికానికీ మధ్య దాటింది, రెండు నిమిషాలకు పైగా పట్టింది. ఏడాది పొడుగునా ఆ వెలుగు ఎంత వెడల్పు అవుతుందో కొలిచి, సూర్యుడికి దగ్గరైనప్పుడు భూమి నిజంగానే వేగంగా కదులుతుందని కెప్లర్ అనే శాస్త్రవేత్త చెప్పినదానికి కాస్సీని బలం చేకూర్చాడు. పెద్ద బ్యాగులతో లోపలికి రానివ్వరు, చిన్నదే తీసుకెళ్లండి.

భోజనం: శాకాహారులు ఒక్క అక్షరం గుర్తుపెట్టుకోవాలి. తోర్తెల్లీనిలో పంది మాంసం ఉంటుంది, తోర్తెల్లోనిలో సాధారణంగా రికోటా జున్ను ఉంటుంది. మేం వెన్న, సేజ్ ఆకుతో రెండోది తిన్నాం. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే 1.40 యూరోలు పడింది.

2:45కి పోర్తా సారగోట్సా అనే పాత నగర ద్వారం నుంచి సాన్ లూకా కొండకు. 666 కమానుల పోర్టికో, దాదాపు 3.8 కిలోమీటర్లు, కొండమీది మేరీమాత గుడి గుమ్మం దాకా ఒకటే కప్పు. 1674లో పని మొదలైంది. 1677లో ఊరివాళ్లు వరుసగా నిలబడి సామాన్లు చేయి చేయి మార్చి కొండమీదికి చేరవేశారట. మెలొంచెల్లో కమాను దాకా చదును, ఆ తర్వాత మెట్లు, ఏటవాలు, 200 మీటర్లకు పైగా ఎక్కాలి. చదును భాగం 21 నిమిషాలు, ఎక్కడం 47, నాలుగుసార్లు ఆగాం. నా ఊపిరి బానే ఉంది, పిక్కలే పట్టేశాయి. చెల్లికి దిగేటప్పుడు మోకాలు నొప్పి, కాబట్టి మేలోపు నడక కర్రలు కొనాలి.

మొత్తం 27,400 అడుగులు, 18.6 కిలోమీటర్లు. పొక్కు తేలలేదు.

పైన గుడి దగ్గరే దేవుళ్ల దారి అవతలి వాలు దిగి కసలెక్కియో వైపు వెళ్తుంది. చెట్ల మధ్య మట్టిబాట, జల్లుకు తడిసి ఉంది. ఒక వంద మీటర్లు దిగి చూసి వెనక్కి వచ్చాం. రేపు నేల ఆరితే అక్కడి నుంచే మొదలు, పొద్దున్న ఏడింటికి.